నేనెత్తితే వస్తోంది

ఫిబ్రవరి 9, సోమవారం

నందివాడ ఉజ్జీవ కూడికలు నిన్నటితో ముగిశాయి. దేవునికే మహిమ. పట్టాలున్న పాస్టర్లు ముగ్గురు మాట్లాడాక నన్ను పిలిచారు. అప్పటికే జనం చాపలు దులుపుకుంటున్నారు. నేను మైకు అందుకున్నాక ఒక్కడు లేచి వెళ్ళలేదు. బైబిలు కాలేజీ గుమ్మం ఎక్కనివాణ్ణి, బందరులో మైకుసెట్లు అద్దెకిచ్చుకునేవాణ్ణి. వారమంతా పరాయివాళ్ళ గొంతులు పెద్దవి చేస్తాను, ఆదివారం ఆయన నా గొంతు పెద్దది చేస్తాడు. గాడిద చేత పలికించినవాడికి ఈ దైవాధీనం అనేవాడి చేత పలికించడం ఒక లెక్కా!

ప్రసంగంలో యెరికో గోడలు కూలే దగ్గర ఊపులో వెనక్కి అడుగు వేశాను. నా వైరే నా కాలికి చుట్టుకుంది. వేదికగా పెట్టిన ట్రాక్టరు ట్రక్కు మీది నుంచి కిందకి, కోత అయిపోయిన చేలోకి, కుడిచెయ్యి ఆనించి పడ్డాను. రాయిలాంటి నేల. జనం అయ్యో అన్నారు. లేచాను. మైకు ఎడమ చేతిలోకి తీసుకున్నాను. "గోడలూ పడ్డాయి, నేనూ పడ్డాను. గోడలు మళ్ళీ లేవలేదు. నేను లేచాను!" అన్నాను. అప్పుడు లేచిన స్తోత్రం గుడివాడ దాకా వినిపించే ఉంటుంది. ముందుగా అనుకున్న మాట కాదది. ఆ క్షణాన అందిన మాట.

అసలు సంగతి అది కాదు. శ్యాంబాబు.

భాగ్యమ్మ తమ్ముడు. నందివాడలో చేపల చెరువులు. తండ్రి సంఘపెద్ద, వీడు మాత్రం మందిరానికి పెళ్ళిళ్ళకే వస్తాడు, అదీ భోజనాల వేళకి. మా పెళ్ళినాటి నుంచి నేను వీడి కోసం మోకాళ్ళు అరగదీసుకుంటున్నాను. నిన్న జనం వెనక మోటారుసైకిలుకి ఆనుకుని నిలబడి చూశాడట. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"ఏమీ కాలేదా బావా?"

"ఏమీ కాలేదురా."

"ఎక్కడా?"

"వెంట్రుక కూడా రాలలేదు."

"నేను పడుంటే ఆ చేలో ఇంకో చెరువు తయారయ్యేది. నువ్వు దులుపుకుని వాక్యం అందుకున్నావు." కాసేపు తల గోక్కున్నాడు. "సరే బావా. నన్ను ముంచెయ్, బాప్తిస్మమిచ్చెయ్. కానీ నువ్వే ముంచాలి, నీ చేతుల్తో. ఆ టై కట్టినవాళ్ళెవరూ వద్దు నాకు."

ఈ మాట వినడానికి ట్రక్కు మీద నుంచి రోజూ పడమన్నా పడతాను. భుజానికి తగిలిన దెబ్బ ఏపాటిది!

దెబ్బ అని రాశాను. కొట్టేస్తున్నాను. రోగం పేరు నోటితో ఒప్పుకోవడమంటే దానికి ఇంట్లో కుర్చీ వెయ్యడమేనని బోధించేవాణ్ణి నేను. ఇలాంటప్పుడు జనం వాడే ఆ రెండక్షరాల మాట నా నోట రాదు. ఈ పేజీల్లోకీ రానివ్వను.

ఫిబ్రవరి 10

ఎడమ చేత్తో పళ్ళు తోముకున్నాను. బైబిల్లో ఏహూదు ఎడమచేతివాడే. దేవుడు వాణ్ణే ఎన్నుకున్నాడు.

ఫిబ్రవరి 14, శనివారం

చిలకలపూడిలో పెళ్ళికి సౌండుబాక్సులు పంపాలి. ఆటో డ్రైవరు చేత ఎక్కించాను. ప్రతిసారీ యజమానే మొయ్యాలని ఎక్కడుంది?

భాగ్యమ్మ పొద్దున నాకు చొక్కా తొడిగి బొత్తాలు పెట్టింది. ఇన్నేళ్ళకి ఇంత ప్రేమా అన్నాను.

"ప్రేమా దోమా," అంది. "మీరు చొక్కా తొడుక్కోవడం నిన్న తలుపు సందులోంచి చూశానండీ. గోడకి చెయ్యి ఆనించి, దాన్ని వేళ్ళతో పాకించుకుంటూ పైకి తీసుకెళ్తున్నారు. బల్లి పాకినట్టు."

అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని కనిపెట్టి కనిపెట్టి అందరినీ అలాగే చూస్తుంది.

"కొంచెం బరువుగా ఉంది. అంతే."

"బరువా, ఆ మాటా?"

"బరువు."

"డాక్టరుకి చూపించుకోకపోతే శ్యాముకి ఫోను చేసి చెప్తాను. మీ బావకి ఏమీ కాలేదన్నది ఉత్తిదిరా అని చెప్తాను."

ఆ మనిషి విశ్వాసం ఇప్పుడే మొలకెత్తింది. దాని మీద వేడినీళ్ళు పోస్తానంటుంది సొంత అక్క! అపవాది ఎవరి నోటినైనా వాడుకుంటాడు. పేతురు నోటినే వాడుకున్నాడు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

గుడివాడ వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించుకుని వచ్చాను. బందరులో అయితే వరండాలోనే నలుగురు విశ్వాసులు తగులుతారు. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు.

డాక్టరు గారు మర్యాదస్తుడు. భుజం చుట్టూ వేలితో నొక్కుతూ "ఇక్కడ ఉందా?" అని అడిగాడు.

"లేదండీ. స్తోత్రం."

"ఇక్కడ?"

"స్తోత్రం."

"స్తోత్రం అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టేనండీ."

చెయ్యెత్తమన్నాడు. ఎడమది ఎత్తాను. అది కాదండీ అన్నాడు. అప్పుడు ఒళ్ళంతా ఎడమవైపు వాల్చి, కుడిచేతిని విసురుగా పైకి పంపి, వెనకున్న గోడకి ఆనించేశాను. చూశారా అన్నట్టు నవ్వాను. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అన్నాడు. హాయిగా అన్నాను. చొక్కా విప్పమంటే జలుబు అన్నాను. ఎక్స్‌రే తీయించాడు. ఎముక ఎక్కడా విరగలేదు, చిట్లలేదు.

"మీకేమీ ఇబ్బంది లేదంటున్నారు, ఫిల్ములోనూ ఏమీ లేదు. మరి ఎందుకొచ్చారండీ?" అన్నాడు.

"మా ఆవిడ కోసం."

పూతమందు రాసి ఇచ్చాడు. వైద్యశాస్త్రమే ఒప్పుకున్నాక ఇక మనుషుల మాట ఎందుకు?

ఫిబ్రవరి 22, ఆదివారం

సాక్ష్యం చెప్పాను. "అంత ఎత్తు నుంచి పడ్డవాణ్ణి డాక్టరు నొక్కి నొక్కి అడిగితే నా నోట ఒక్కటే వచ్చింది. స్తోత్రం!" మా మందిరం రేకుల షెడ్డు దద్దరిల్లింది. ముందు చాప మీద కూర్చునే సరోజమ్మ, చేపల మార్కెట్లో అమ్మకం చేసే మనిషి, అందరికంటే గట్టిగా ఆమేన్ అంది. ఆ వయసులో ఆ గొంతు! నాకు మైకు అక్కర్లేదు, ఆమెకి అసలే అక్కర్లేదు.

మార్చి 1, ఆదివారం

ఆరాధనలో చేతులెత్తండి అన్నాను. నేను ఎడమది ఎత్తాను. కాసేపటికి కళ్ళు తెరిచి చూద్దును కదా, సంఘమంతా ఎడమచెయ్యే ఎత్తి నిలబడి ఉంది. కుడిచేతులన్నీ కిందే.

ఎవరినీ ఏమీ అనలేదు. ఎత్తినది చెయ్యి, చూసేవాడు హృదయం చూస్తాడు.

మార్చి 11, బుధవారం

మంచినీళ్ళ గ్లాసు పై అరలో ఉంది. చెయ్యి భుజం ఎత్తుకి వెళ్ళింది, గ్లాసు అందింది, ఆ తరువాత చెయ్యి పడిపోయింది. నేను దించలేదు. అదే పడింది, ఎవరో తాడు కోసేసినట్టు. గ్లాసు భాగ్యమ్మ పాదం మీద పడింది. ఆమె గట్టిగా అరిచింది. ఆ రెండక్షరాల మాటే అరిచింది, ఏ మొహమాటమూ లేకుండా.

తరువాత గ్లాసు తీసి కడిగి అరలో పెట్టింది. ఈసారి కింద అరలో.

"ఎల్లుండి కోనేరు సెంటరు దగ్గర ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. నేనూ వస్తున్నాను," అంది. నేను వద్దనలేదు. పాదం వాచి ఉంది.

మార్చి 13, శుక్రవారం

అమ్మాయి పేరు లావణ్య. పెడన వాళ్ళు, తండ్రి కలంకారీ అద్దకం పని. గోడ మీద దేవుడి పటం, కింద అగరొత్తి. నేను ఎత్తుకోబోయే విషయం కనిపెట్టి భాగ్యమ్మ నా ఎడమ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

చొక్కా విప్పించి, బల్ల మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్ళి నిలబడింది ఆ పిల్ల. ఏమీ ముట్టుకోలేదు. చూస్తూ ఉంది. గొర్రెల కొట్టంలో కొనుగోలుదారుడు చూసినట్టు చూసింది.

"ఆంటీ, ఇలా రండి. రెండు రెక్కల మీదా చూడండి. ఎడమవైపు నిండుగా ఉందా? కుడివైపు గుంట. కండ తగ్గిపోయింది. ఎన్నాళ్ళయింది పడి?"

"కిందటి నెల," అంది భాగ్యమ్మ.

"పడలేదు, జారాను," అన్నాను.

ముందు మెడ తిప్పించింది, అటూ ఇటూ. బాధ మెడలోంచి దిగుతోందేమో చూడాలట. తరువాత మంచి చేతితో మొదలెట్టింది. ఎడమది ఎత్తించి, వంచి, వీపు వెనక్కి పెట్టించి, ఎంతదాకా పోతోందో చూసుకుంది. మీ ఒంటికి మామూలు ఏదో ముందు తెలియాలి కదా అంకుల్ అంది. తరువాత కుడి. బొటనవేలితో కాలరెముక మీదుగా నడుచుకుంటూ వచ్చింది. భుజం కొస దగ్గర ఆగి నొక్కింది.

"ఉందా?"

"స్తోత్రం."

"ఇక్కడ?"

"లేదమ్మా."

వేలు తీసేసింది. ఎదురుగా వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అంకుల్, నేను అడిగినవాటన్నిటికీ మీరు లేదంటున్నారు. మీ ఎడమ కనుబొమ్మ మాత్రం ఉందంటోంది. నేనెవర్ని నమ్మాలి?"

భాగ్యమ్మ నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా కాలమైంది. నా మీదే అయినా సరే.

"మీరు ఉన్నచోట ఉందని చెప్తేనే నాకు దారి తెలిసేది. మీరే దారి మూసేస్తే ఎట్లా? పోనీ మీరేం చెప్పొద్దు. నేను మొహం చూసుకుంటాను. చెయ్యి చాపండి."

చెయ్యి చాపండి! సమాజమందిరంలో ఊచచెయ్యి గలవాడితో ప్రభువు అన్న మాట. ఆ పిల్లకి తెలియదు తను ఎవరి మాట పలుకుతోందో. విశ్వాసంతో చాపాను. సగం దాకా వచ్చింది. తరువాత భుజమే చెవి దగ్గరికి లేచింది తప్ప చెయ్యి లేవలేదు.

"మీరు భుజం ఎత్తుతున్నారు అంకుల్, చెయ్యి కాదు. వదిలెయ్యండి. పూర్తిగా నాకిచ్చెయ్యండి."

ఇచ్చాను. ఆమె మోచెయ్యి కింద చెయ్యి పెట్టి ఎత్తింది. నా చెయ్యి చెవి దాటి, తల దాటి, నిలువునా ఆకాశానికి వెళ్ళింది. నందివాడ తరువాత అంత ఎత్తున నా చెయ్యి నేను చూసుకోవడం అదే మొదలు.

"చూశారా? నేనెత్తితే వస్తోంది. మీరెత్తితే రావట్లేదు. కీలు శుభ్రంగా ఉంది, బిగుసుకోలేదు. ఎత్తే తాడు దెబ్బతింది. కండని ఎముకకి కట్టి ఉంచే తాడు ఉంటుంది. అది ఫిల్ములో కనపడదు."

తరువాత గ్లాసులో నీళ్ళు ఒంపుతున్నట్టు బొటనవేలు నేలకి తిప్పించి, పైనుంచి మెల్లగా నొక్కింది, ఆపండి అంది. ఆపలేకపోయాను. మోచెయ్యి ఒంటికి ఆనించి చేతిని బయటికి నెట్టమంది. ఒక్క వేలితో అడ్డుపెట్టింది. ఆ ఒక్క వేలే గెలిచింది. చివరికి చేతిని పక్కనుంచి భుజమంత ఎత్తుకి తీసుకెళ్ళి, "ఇప్పుడు నేను వదులుతాను, మీరు నిదానంగా దించండి" అంది. వదిలింది. చెయ్యి దబ్బున పడింది. అరలో గ్లాసు అందుకున్న రోజు పడినట్టే.

"స్కానింగ్‌కి బెజవాడ వెళ్ళాలి. చాలావరకు తెగినట్టుంది. ఆపరేషనో, కసరత్తులో అది చూశాక పెద్ద డాక్టరు చెప్తారు. ఈలోగా బరువులొద్దు."

ఈస్టరుకి బాప్తిస్మం ఇవ్వాలన్నాను.

"అంటే ఏం చేస్తారు?"

చెప్పాను. మనిషిని నీళ్ళలో వెనక్కి వాల్చి, పూర్తిగా ముంచి, ఎత్తాలి.

"ఎంత మనిషి?"

"నూటపది కిలోలు," అంది భాగ్యమ్మ. "మా తమ్ముడే."

లావణ్య నా వంక చూడలేదు. ఆమె వంకే చూసింది. "ఆంటీ, నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిగ్గానే ఉంటుంది. పైకి తీసేటప్పుడే బరువు వస్తుంది. ఈ చెయ్యి చెప్పి పడదు. ఆయన మొహం నీళ్ళలో ఉన్నప్పుడు పడిందనుకోండి..."

వాక్యం ముగించలేదు. మేమూ ముగించలేదు.

మార్చి 15, ఆదివారం

ఇవాళ్టి ప్రసంగం: "నేనెత్తితే వస్తోంది, నువ్వెత్తితే రావట్లేదు." మనిషి తన బలంతో తన్ను తాను ఎత్తుకోలేడు, ఆయన ఎత్తితేనే లేస్తాడు. కృప గురించి ఇంత పదునుగా నేనెన్నడూ చెప్పలేదు. ముసలివాళ్ళు ఏడ్చారు. ఈ వాక్యం మీకెక్కడ దొరికిందయ్యగారూ అని ఒకరు అడిగారు. పైనుంచి అన్నాను. అబద్ధం కాదు. క్లినిక్ మేడ మీదే.

భాగ్యమ్మ మాత్రం పాటలయ్యాక లేచి వెళ్ళి వంట చూసుకుంది.

సరోజమ్మ రాలేదు. మార్కెట్లో జారిందట.

మార్చి 24, మంగళవారం

శ్యాంబాబు ఫోను.

"బావా, తెల్లబట్టలు కుట్టించాను. దర్జీ తెచ్చిన గుడ్డ చాలదన్నాడు."

"ప్రభువు కృప చాలునురా."

"నేను గుడ్డ సంగతి చెప్తున్నా బావా." వీడింకా మారలేదు, మారతాడు. "ఈస్టరు పొద్దున్నే అవనిగడ్డ రేవు. ఖాయం చేశాను. చెరువులో వద్దు, నా చేపల ముందు నేను ములగను, రేపు అవి నా మాట వినవు. ఇక్కణ్ణుంచి రెండు వ్యాన్లు వస్తున్నాయి. పులావు కూడా చెప్పా."

"అంతమంది ఎందుకురా?"

"నేనే పిలిచా. ట్రక్కు మీంచి పడి గీత కూడా పడని మనిషి అని చెప్పా. సగంమంది అది చూద్దామనే వస్తున్నారు."

"ఏది?"

"నువ్వు నన్నెత్తడం."

ఫోను పెట్టేశాక ఇసకబస్తా ఒకటి ఎడమ చేత్తో ఎత్తి చూశాను. వచ్చింది. ఎడమ చెయ్యి రోజురోజుకీ బలపడుతోంది. దేవుడు ఒక తలుపు మూసే ముందే ఇంకోటి తీసి ఉంచాడు. బెజవాడ స్కానింగు ఈస్టరు అయ్యాక చూడొచ్చు.

ఏప్రిల్ 3, శుభ శుక్రవారం

సిలువ ధ్యానాలు అయ్యాక సరోజమ్మ ఇంటికి వెళ్ళాం. మంచం మీద కూర్చుని ఉంది, కాలు రెండు దిండ్ల మీద. మోకాలు గుమ్మడికాయంత అయింది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"అయ్యగారూ, మీరు చెప్పినట్టే చేశానండీ! మా అబ్బాయి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు కాలు పట్టుకుని అటు వంచీ ఇటు వంచీ, ఇక్కడ ఉందా మామ్మా, ఇక్కడుందా అని ఒకటే అడగడం. నేను పళ్ళు బిగించి స్తోత్రం అన్నానండీ. ఒక్కసారి కూడా ఆ మాట ఒప్పుకోలేదు. ఏమీ లేదులే అని పట్టీ కట్టి పంపేశారు."

"ఇప్పుడెలా ఉంది?" అడిగింది భాగ్యమ్మ.

"నేల మీద ఆనిస్తే కాలు పక్కకి తిరిగిపోతోందమ్మా. మార్కెట్‌కి వెళ్ళట్లేదు. అది సైతాను పని, నేను లెక్కచెయ్యట్లేదు. అయ్యగారు లెక్కచేశారా? చెయ్యి చూడు ఎట్లా ఉందో, బంగారంలా!" అంటూ నా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. లాగింది. నేను నవ్వుతూ నిలబడ్డాను.

ప్రార్థన చేశాను. చెప్పలేదు.

చెప్పేవాణ్ణే, కూడికకి టైమయింది.

కూడిక అప్పటికే అయిపోయింది.

ఏప్రిల్ 4, శనివారం

రేవులో చేతులు పెట్టే పద్ధతి గురించి భాగ్యమ్మతో వాదం. వేరే పాస్టరుని పిలవండి అంది. శ్యాముకి మాటిచ్చాను అన్నాను. అయితే నిజం చెప్పండి అంది. రోగాన్ని నోటితో ఒప్పుకోకూడదు అన్నాను.

"యోబు?"

"యోబు ఏంటి?"

"నోరు మూసుకుని కూర్చున్నాడా? ఒళ్ళంతా పుళ్ళు, పెంకుతో గోక్కుంటూ పుస్తకం పొడుగునా మూలిగాడు. ఎముకలు అన్నాడు, చర్మం అన్నాడు, పేగులన్నాడు. దేవుడు చివరికి ఏమన్నాడు? నా గురించి సరిగ్గా మాట్లాడింది వీడేనన్నాడు. నోరు మూసుకోమన్న స్నేహితుల్ని కదా తిట్టింది!"

జవాబు వెతికాను. మధ్యాహ్నమంతా వెతికాను. ఈ ఆడమనిషి నా బైబిలు నాకు తెలియకుండా చదువుతోంది.

జవాబు దొరకలేదు గానీ దారి దొరికింది. కొండ మీద మోషే చేతులు బరువెక్కినప్పుడు ఇద్దరు చెరోపక్కా నిలబడి పట్టుకున్నారు. రేపు భాగ్యమ్మ నాతో నీళ్ళలోకి దిగుతుంది. శ్యాము వీపు కింద ఆమె చెయ్యి, నా ఎడమచెయ్యి. మన సంఘంలో ఆడవాళ్ళు బాప్తిస్మానికి చెయ్యి వెయ్యలేదు ఇంతవరకు. కొత్త పద్ధతి అంటాను. కారణం అడిగితే మోషే.

అడిగాను. "దిగుతాను," అంది. "వాడు ములిగిపోకుండా. మీ పరువు కోసం కాదు."

ఏప్రిల్ 5, ఈస్టరు

దీన్ని ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున్నే అవనిగడ్డ రేవు. నందివాడ వ్యాన్లు రెండూ వచ్చాయి. బందరు నుంచి మనవాళ్ళు. సరోజమ్మని కొడుకు ఆటోలో తెచ్చి, ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాలి కింద ఇటుకలు పెట్టాడు. నీళ్ళు నడుం లోతు, చల్లగా ఉన్నాయి. శ్యాంబాబు తెల్లబట్టల్లో దిగుతుంటే ఒడ్డు మీద పిల్లలు పడవ పడవ అని అరిచారు.

భాగ్యమ్మ చీర బిగించి నా వెనకే దిగింది. గుసగుసలు మొదలయ్యాయి. ఆడమనిషి ఎందుకు, ఆడమనిషి ఎందుకు. మోషే గురించి చెప్పాను. సగం మందికి నచ్చింది.

"నువ్వెందుకక్కా?" అన్నాడు శ్యాము. "బావ ఒక్కడూ చాలడా?"

"చెంబెడు నీళ్ళకే పారిపోయేవాడివి. నీకు స్నానం చేయించడం ఎవరికి తెలుసురా నాకు తప్ప? కళ్ళు మూసుకో."

పలకాల్సిన మాటలు పలికాను. నా గొంతు ఏటికి అడ్డంగా వెళ్ళి అవతలి గట్టుని తాకింది. వాల్చాం. ములిగాడు. లేపాం. భాగ్యమ్మే లేపింది, నిజం చెప్పాలంటే. నీళ్ళు కారుతూ, ఊపిరి కోసం నోరు తెరుస్తూ లేచాడు. లేస్తూ ఒండ్రులో కాలు జారాడు. జారుతూ దొరికింది పట్టుకున్నాడు.

నా కుడిచెయ్యి. నూటపది కిలోలూ దాని మీద వేలాడాయి.

"నొప్పి! అమ్మా, నొప్పిరా!"

మైకు అక్కర్లేదు నాకు. ఒడ్డంతా విన్నది.

"స్తోత్రం!" అంది ఒడ్డు. ఒక్క గొంతుతో. గంజిరలు మోగాయి. హల్లెలూయ లేచింది.

అప్పుడు నా నాలుక కొసన మాట సిద్ధంగా ఉంది. ఆత్మీయ జన్మకి ప్రసవవేదన! ఆ ఒక్క మాట అంటే చాలు. నందివాడ మొత్తం నీళ్ళలోకి దూకేది. నేను నోరు తెరిచాను కూడా. కుర్చీలో సరోజమ్మ కనపడింది. అందరికంటే గట్టిగా స్తోత్రం అంటోంది. మోకాలి కింద ఇటుకలు.

"ఆపండి," అన్నాను. "నొప్పి అన్నాను. స్తోత్రం అనకండి. నొప్పి. ఈ భుజంలో తాడు తెగింది. నందివాడలో పడ్డ రోజే తెగింది. ఆ రోజు నుంచీ ఈ చెయ్యి లేవడం లేదు. గుడివాడ డాక్టరు అడిగితే లేదన్నాను. ఆయన తప్పేం లేదు, నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని మీ ముందు సాక్ష్యంగా చెప్పాను. ఇవాళ ఈ మనిషిని ఎత్తింది నేను కాదు. ఈవిడ."

ఏటి చప్పుడు వినపడింది.

శ్యాంబాబు మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. నా చెయ్యి వదిలేశాడు, మెల్లగా, గాజుసామానులా.

"అయితే ఆ రోజు ఏమీ కాలేదన్నది..."

"అబద్ధం."

"ముంచక ముందు చెప్పొచ్చుగా బావా!"

"చెప్తే దిగేవాడివా?"

"ఏమో. ఇప్పుడెట్లా తెలుస్తుంది?" అక్క వంక చూశాడు, నా వంక చూశాడు. "పూర్తిగా తడిశాను. వెనక్కి ఆరబెట్టుకోమంటే కుదరదు. పద, గట్టెక్కు. ఆ చెయ్యి ఇటియ్యకు, ఎడమది ఇయ్యి."

నందివాడ వ్యాను ఒకటి పులావు తినకుండానే వెళ్ళిపోయింది. మోసగాడు అన్నారు. మన సంఘంలో రెండు కుటుంబాలవాళ్ళు నాతో కరచాలనం చెయ్యలేదు. అననివ్వండి. వెళ్ళనివ్వండి. పేతురు అబద్ధమాడింది చలిమంట దగ్గర, ఆ తరువాతే అంత ప్రసంగం చేశాడు. నేను మాత్రం వచ్చే ఆదివారం మాట్లాడను అనుకున్నారా!

సరోజమ్మ ఆటో ఎక్కేదాకా తన మోకాలి వంకే చూస్తూ ఉంది.

ఏప్రిల్ 7, మంగళవారం

బెజవాడ స్కానింగ్‌కి గురువారం. శ్యాము కారు పంపుతానన్నాడు.

ఇవాళ సరోజమ్మని లావణ్య దగ్గరికి తీసుకెళ్ళాం. రానంది మొదట. నేనే మోసేవాణ్ణి గానీ చెయ్యి సహకరించదు కనక కొడుకు మేడ మీదికి మోశాడు. వరండాలో కూర్చున్నవాళ్ళకి యోబు గురించి కాస్త చెప్పాను. ఇద్దరు శ్రద్ధగా విన్నారు, మూడో ఆయన ఫోను చూసుకున్నాడు.

లోపల ఆ పిల్ల ముందు మంచి మోకాలు చూసింది. తరువాత చెడ్డదాని పక్కన కూర్చుని, రెండు అరచేతుల్లోకీ తీసుకుని, బొటనవేలు లోపలివైపు పెట్టింది.

"ఇక్కడ ఉందా మామ్మా?"

సరోజమ్మ నా వంక చూసింది. బల్ల మీద పడుకుని, తల తిప్పి, నేనేం చెప్పమంటే అది చెప్పడానికి.

నా దగ్గర మాటలకి కరువు లేదు. ఒక్కటీ ఆడలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. కింద రోడ్డు మీద అవనిగడ్డ బస్సు ఒకటి మలుపు తిరుగుతోంది. లావణ్య రెండోసారి అడగలేదు.

"ఉందమ్మా," అంది సరోజమ్మ.

"ఎక్కడెక్కడ?"

"అక్కడ కాదు, ఇంకొంచెం కిందకి. ఆ, అక్కడ! వంచితే చంపేస్తోంది తల్లీ. మెట్లు దిగుతుంటే పక్కన కూడా. చూడు, ఇదిగో, ఈ పక్కన. రాత్రిళ్ళయితే వెనకాల..."

నేను ఇటు తిరగలేదు. ఆమె చెప్తూనే ఉంది.